ఒకరి కొలతకు చేసిన తుపాకి

రవిక సంగతి మనకు తెలుసు. ఎంత ఖరీదైన గుడ్డయినా, ఎంత పేరున్న దర్జీ కుట్టినా, ఇంకొకరి కొలతకు కుట్టింది మన ఒంటికి పట్టదు. భుజం దగ్గర జారుతుంది, చంక దగ్గర పట్టేస్తుంది. కుట్లు విప్పి మళ్ళీ వేసుకుంటే తప్ప అది మనది కాదు. తుపాకికీ ఇదే న్యాయమంటే మీరు నవ్వుతారు. మా తమ్ముడి తుపాకిని చూసి ఉంటే నవ్వరు.

తమ్ముడిది ఆదోని, ఎమ్మిగనూరుల మధ్య నల్లరేగడి సేద్యం. పత్తి వేస్తాడు, శనగ వేస్తాడు. అక్కడి రైతుకు మబ్బు తర్వాత భయం జింకలంటేనే. కృష్ణజింక అనగానే మీకు శకుంతల, మునిపల్లె గుర్తుకొస్తాయి. నవలలు రాసుకునేదాన్ని, నాకూ అవే గుర్తుకొచ్చేవి. మొలక రెండాకులు వేసేసరికి మందకు మంద దిగి, తెల్లారేసరికి చేను గొరిగినట్టు చేసి పోతే ఆ కవిత్వం నిలవదు. పైగా అది మన రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దాన్ని మొదటి షెడ్యూలులో కూర్చోబెట్టింది. చంపితే మూడేళ్ళకు తగ్గని జైలు. చంపకూడదు, మేయనివ్వకూడదు. ఈ రెండింటి మధ్య సందులో నిలబడి మా వాడొక తుపాకి కొన్నాడు.

కొత్తది కాదు, సెకండ్‌హ్యాండు. 1959 నాటి ఆయుధాల చట్టం పంట కాపలాకు ఒప్పుకునే రకం, గొట్టం మూతిలోంచి మందు కూరేది. లైసెన్సు, విచారణ, బదిలీ కాగితాలు... ఆ పురాణం మొదలుపెడితే ఈ పేజీ చాలదు. ఎన్నికలొస్తే దాన్ని స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. జింకలకు ఆ నోటిఫికేషను అందదు కాబోలు, అవి మామూలుగానే వస్తాయి.

దీన్ని వెనకటికెవరో పొడుగాటి మనిషి తన చెయ్యి కొలిపించి చేయించుకున్నాడట. నల్లటి చేవకర్ర, చెంప ఆనే చోట నున్నగా అరిగి ఉంది. మా వాడు పొట్టి. కర్ర భుజానికి ఆనిస్తే వేలు ట్రిగ్గరుకు అందదు, వేలు అందితే మెడ సాగదీయాలి. గట్టుకు అట్టపెట్టె ఆనించి, మధ్యలో నల్లచుక్క పెట్టి, నలభై అడుగులు కొలుచుకుని కాల్చాడు. పొగ తేరాక చూస్తే కన్నం చుక్కకు జానెడు పైన, ఎడమ వారగా ఉంది. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ అక్కడే. పడిన ప్రతి కన్నం పక్కనా కుంకం బొట్టు పెట్టే ఉద్యోగం నాది.

“తుపాకి తప్పు కాదులే అక్కా. ఇది ఆయన భుజానికి అలవాటు పడింది. నా భుజం దీనికి నేర్పల్ల” అన్నాడు.

లైసెన్సున్న మరమ్మతుదారు చేత కర్ర చివర అంగుళంన్నర కోయించాడు. ఇక మిగిలింది మందు. కొలత తగ్గితే గుండు నేలచూపు చూస్తుంది, మితిమీరితే గొట్టమే పగలవచ్చు. ఒక్కో గొట్టానికి ఒక్కో పాలు నప్పుతుంది. బొటాబొటి కాదు, ప్రతిసారీ అదే పాలు పడాలి. మా అమ్మ కాలపు కంసాలి త్రాసు తీశాడు. ఇంగ్లీషువాడి గ్రెయిను తూకాలు ఇంట్లో ఎక్కడివి? గురిగింజలున్నాయిగా! ఒక్క గురిగింజ దాదాపు రెండు గ్రెయిన్లు తూగుతుంది. గురి చూడ్డానికి గురిగింజలన్నమాట. పిట్టలు పొడవని గింజలు ఏరి, ఒకదానితో ఒకటి సరిచూసి పెట్టుకున్నాడు. ఉప్పు చిటికెలతో వంట చేసే మన చేతులకు ఈ నిష్ఠ చూస్తే కాస్త సిగ్గే.

ఇది సురేకారం, గంధకం, బొగ్గుల పాతకాలపు నల్లమందు. ఇప్పటి తోటాల్లోది వేరు, దానికి మూలం పత్తి. బాసెల్ ఊళ్ళో షోన్‌బైన్ అనే రసాయన పండితుడు వంటింట్లో ఆమ్లం ఒలకబోసి, భార్య నూలు ఏప్రానుతో తుడిచి, పొయ్యి దగ్గర ఆరేస్తే అది భగ్గున మండి మాయమైందని కథ. 1846లో ఆయన తుపాకి దూదిని లోకానికి చాటాడు. 1884లో ఫ్రాన్సులో వియే దాంతోనే పొగరాని మందు చేశాడు. ఏప్రాను పోయిన ఇల్లాలు ఏమన్నదో చరిత్రకారులు రాయలేదు. ఆదోని జిన్నింగు మిల్లులో పింజ తీశాక గింజకు అంటుకుని ఉండే నూగు కూడా ఆ పనికి వస్తుందట. జింక మేసేదీ పత్తే, తోటాలో ఉండేదీ పత్తే.

మందు మీద గట్టిగా దట్టించడానికి గుడ్డ కావాలి. కొబ్బరిపీచు, గోనె, పాత చీర అన్నీ అయ్యాక, నేను తెచ్చిన ఎమ్మిగనూరు దుప్పటి నెగ్గింది. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు ఊహించి ఉండరు, ఆ ఊరి నేత ఈ పనికీ అక్కరకొస్తుందని. మండుతున్న పేలిక ఎండుగడ్డిలో పడితే చేనే అంటుకుంటుంది గనక దాన్ని తడిపి, పిండి వాడాలి.

అయిదో రోజుకు మూడు గుండ్లూ అరచేతి వెడల్పులో పడ్డాయి. మూడు బొట్లూ ఒకదానికొకటి అంటుకున్నాయి. ఆ తర్వాత మా వాడు గుండ్లన్నీ డబ్బాలో వేసి మూత పెట్టేశాడు. రాత్రి కాపలాకు వట్టి మందు, దుప్పటి ముక్క, అంతే.

“మరి ఇన్నాళ్ళూ ఈ గురి ఎందుకురా?”

“ఎక్కడ తగుల్తాదో తెలిస్తేనే కదక్కా, ఎక్కడ తగలకూడదో తెలిసేది.”

అప్పటినుంచి కొలతంతా చప్పుడు కోసం. గుడ్డ వదులైతే తుస్సుమంటుంది, బిగిస్తే ఉరుముతుంది. నేను పొలం ఆ చివర గట్టు మీద నిలబడి, ఏది బాగా వినిపించిందో చెయ్యెత్తి చెప్పేదాన్ని.

ఇంతకూ ఈ తుపాకి కాల్చాలంటే తమ్ముడి లైసెన్సొక్కటే చాలదు, మరదలి అనుమతి కావాలి. మందుకు నిప్పంటించే రాగి టోపీలు, చిటికెన వేలి గోరంత ఉంటాయి, అవి ఆమె ఇనప్పెట్టెలో ఉంటాయి. సాయంత్రం లెక్కపెట్టి రెండో మూడో ఇస్తుంది. పత్తి రెండేళ్ళు వరసగా ముంచింది. పురుగుమందు డబ్బా కూడా అప్పుడే ఆ పెట్టెలోకి చేరింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అప్పున్న రైతు ఇంట్లో ఆడవాళ్ళు ఒకరినొకరు అడగవలసిన ప్రశ్న కాదది.

నేనున్న ఆఖరి రాత్రి జింకలు వచ్చాయి. మసక వెన్నెల్లో ముందు కొమ్ములు కనిపించాయి, తర్వాత మంద. తమ్ముడు గొట్టం ఆకాశానికెత్తి ఒకసారి, మందు కూరుకుని మళ్ళీ ఒకసారి ఉరిమించాడు. ఒక్కొక్కటీ నిలువెత్తు ఎగిరి గట్టు దాటిపోయింది. ఎంత అందంగా పోయాయో ఆ సమయంలో పైకి అనడానికి నాకు నోరు రాలేదు.

పొద్దున మరదలు పెట్టె తెరిచింది.

“ఎన్ని కాలిస్తివి?”

“రెండు. ఒకటి మిగిలింది, ఇందా.”

ఆమె దాన్ని తీసుకుని, పెట్టెలోవి ఒక్కొక్కటే వేలితో జరిపి లెక్కపెట్టింది. తాళం చెవి కొంగున ముడేసుకుని పాలు పితకడానికి వెళ్ళింది.