బియ్యంలో రాసిన పేరు

కుల, ఆదాయ, నివాస ధ్రువీకరణ పత్రాల కోసం కౌంటర్ ముందు నిలబడిన మనిషి అక్కడ కొత్తగా చెప్పే సంగతేమీ ఉండదు. అతడు ఎవరి బిడ్డో, ఏ ఊరివాడో, ఎంత భూమి దున్నుతున్నాడో ఇరుగుపొరుగుకు తెలిసిందే. అయితే ఊరికి తెలిసిన ఆ సంగతిని ఊరెరుగని కళాశాలో, బ్యాంకో నమ్మాలంటే ప్రభుత్వం పూచీ పడాలి. ఆ పూచీకే ధ్రువీకరణ అని పేరు.

తెలుగునాట ఈ పూచీ దారి కొద్దికాలంలోనే పలుమార్లు మారింది. తరతరాలుగా ఊరి లెక్కలు రాసిన కరణం, శిస్తు వసూలు చేసిన మునసబు పదవులు 1984లో రద్దయ్యాయి. మరుసటి ఏడాది తాలూకాలకు బదులు మండలాలు ఏర్పడి కార్యాలయం పల్లెకు కొంత దగ్గరైంది. హైదరాబాదు జంట నగరాల్లో 2001లో మొదలైన ఈ-సేవ బిల్లుల చెల్లింపును ఒకచోటికి చేర్చగా, 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో ప్రారంభమైన మీసేవ రెవెన్యూ పత్రాలను కూడా కౌంటర్‌కు తెచ్చింది.

మీసేవలో సేవలు రెండు తరగతులు. అడంగల్ వంటి, అంటే ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో తెలిపే పట్టిక వంటి, ముందే నమోదై ఉన్న సమాచారాన్ని అక్కడికక్కడే ముద్రించి ఇచ్చేవి ‘ఏ’ తరగతివి. విచారణ జరిగాక గడువులోగా ఇచ్చేవి ‘బి’ తరగతివి. ఆదాయ పత్రం రెండోదానికి చెందుతుంది. రోజుకూలీకి జీతపు చీటీ ఉండదు కనుక విచారణకు వచ్చిన ఉద్యోగి నలుగురినీ అడిగి అంచనా వేయవలసిందే. ఆ అడగడం మానేసి నిరుటి అంకెనే మళ్లీ రాస్తే, యంత్రం ఎంత వేగంగా పనిచేసినా ఆ పత్రానికి విలువ లేదు.

అంతకంటే పెద్ద చిక్కు పేరుది. తెలుగువారికి ఇంటిపేరు ముందు, పిలుపు పేరు తరువాత. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టడమూ అలవాటే. బడిలో చేర్చుకున్న రోజు పంతులుగారు రిజిస్టరులో రాసిన రూపం పదో తరగతి మార్కుల జాబితాకు ఎక్కుతుంది. ఆధార్ నమోదులో పొడి అక్షరం చివరికి జరుగుతుంది. పాస్‌పోర్టు దరఖాస్తు దాన్ని విప్పి పూర్తిగా రాయమంటుంది. పెళ్లయిన స్త్రీకి అత్తింటి ఇంటిపేరు వచ్చి చేరుతుంది. లక్ష్మి అన్న ఒక్క పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో మూడు నాలుగు విధాలుగా రాస్తారు. తెలుగు లిపిలో ఒకటిగానే ఉన్న మనిషి కాగితాల మీద నలుగురై, ఆ నలుగురూ తానేనని ప్రమాణపత్రం, అంటే నోటరీ ఎదుట సత్యమని ఒప్పుకొని సంతకం చేసిన వాంగ్మూలం, సమర్పించుకోవలసి వస్తుంది. విదేశాలకు వెళ్లేవారికి ఈ తేడా మరింత బరువు. 1961 నాటి హేగ్ ఒడంబడికలో 2005 నుంచి భాగస్వామి అయిన భారతదేశం తరఫున విదేశాంగ శాఖ పత్రాలపై అపోస్టిల్ ముద్ర వేస్తుంది. సంతకం, హోదా అసలైనవేనని ఆ ముద్ర ఇతర సభ్యదేశాలకు చెబుతుందే గాని, లోపలి అక్షరదోషాన్ని దిద్దదు.

కాబట్టి శ్రద్ధ పెట్టవలసినది మొదటి నమోదు దగ్గర. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పుట్టుకను 21 రోజుల్లోగా తెలపాలి. 2023 సవరణతో, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడి ప్రవేశం మొదలుకొని ఓటు వరకూ పుట్టిన తేదీకి, చోటుకు జనన పత్రమే ఆధారం. చాలా ఇళ్లలో బారసాల 21వ రోజునే జరుగుతుంది గనుక పేరు గడి ఖాళీగానే నమోదు పూర్తవుతుంది, అందులో తప్పేమీ లేదు. పళ్లెంలోని బియ్యంలో తండ్రి ఉంగరంతో రాసిన ఆ పేరును ఏ అక్షరాలతో, ఇంటిపేరును ఏ చోట రాయించాలో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకుని రిజిస్టరులో చేర్పించడానికి, నమోదైన నాటి నుంచి రుసుము లేకుండా ఏడాది గడువుంది.