తారామతి బారాదరిలో ఒక సాయంకాలం

హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు కంపెనీ పనిమీద జపాను వెళ్ళి వచ్చాడు. క్యోటోలో గేషాల నాట్యం చూచాడట. "మన ఊళ్ళో అటువంటివారు ఎన్నడూ లేరు కాబోలు, మామయ్యా!" అన్నాడు.

ఆ సాయంకాలమే అతణ్ణి వెంటబెట్టుకుని గచ్చిబౌలి, నార్సింగి దాటి ఇబ్రహీంబాగ్ వెళ్ళాను. దూరాన అద్దాల మేడలు. ఇక్కడ ఎత్తున పన్నెండు ద్వారాల మండపం, కుతుబ్‌షాహీల నాటిది. ఇక్కడ తారామతి పాడితే గోలకొండలో సుల్తానుకు వినిపించేదని కథ. మావాడు ఫోను తీసి దూరం కొలవబోయాడు. వద్దన్నాను!

గేషా అంటే కళాజీవి అని అర్థం. షమిసెన్ వాద్యం, నాట్యం, సరస సంభాషణ ఏళ్ళ తరబడి నేర్చి విందులలో అతిథులను రంజింపజేస్తారు. మన నిజాం ఆస్థానంలో మహ్ లఖా బాయి చందా (1768–1824) అట్టి విదుషి. ఉర్దూ గజళ్ళు వ్రాసింది. 1799లో ఒక నాట్యసభలో తన గజళ్ళ ప్రతిని మాల్కమ్ దొరకు కానుకగా ఇచ్చింది. అది నేడు లండనులో బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నది. మౌలాలి గుట్ట పాదాన తల్లికి తాను కట్టించిన సమాధి చెంతనే తానూ నిద్రిస్తున్నది.

తారామతికి ఆ భాగ్యమేదీ? ఆమెను గూర్చి మిగిలినవన్నీ పరుల నోటి కథలే. మనం మాత్రం? 'స్వామిని' నుంచి పుట్టిన 'సాని' అన్న గౌరవపదాన్ని తిట్టుగా మార్చుకున్నాము. తెలుగు పంతుల్ని గనుక నాకది మరీ గుచ్చుకుంటుంది.

చీకటి పడింది. మెట్లు దిగుతూ మావాడు, "ఆదివారం మౌలాలి వెడదామా?" అన్నాడు.