నల్లచుక్క జరిగింది!

పంటినొప్పికి ఓ పాడు అలవాటుంది. పగలు డాక్టర్లు అందుబాటులో ఉన్నంతసేపూ కిక్కురుమనదు. రాత్రి ఇంటిల్లిపాదీ పడుకున్నాక మొదలవుతుంది. రిటైరైన ఆ లెక్కల మాస్టారికీ అలాగే వచ్చింది. 2006 మే నెల. గుంటూరు ఎండలు. లవంగం బుగ్గన పెట్టుకున్నారు, ఉప్పునీళ్లు పుక్కిలించారు, కుడి దవడ పట్టుకుని తెల్లవార్లూ వరండాలో పచార్లు చేశారు. తెల్లారగానే కూతురు స్కూటీ బయటికి తీసింది.

మొదట వెళ్లిన క్లినిక్కులో ‘ఎక్కడ నొప్పి?’ అనడిగారు. మాస్టారు కింది వరసలో ఓ పన్ను చూపించారు. అసిస్టెంటు కుర్రాడు చిన్న ఫిల్ము ముక్క నోట్లో పెట్టి, ‘వేలితో గట్టిగా నొక్కి పట్టుకోండి సార్’ అన్నాడు. మాస్టారు చెప్పినమాట వినే రకం. గట్టిగానే నొక్కారు. కాసేపటికి నీళ్లోడుతున్న ఫిల్ముని క్లిప్పుకి తగిలించి తెచ్చాడు. డాక్టరు దాన్ని ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టి, పంటి వేరు చివర ఉన్న గుండ్రటి నల్లచుక్క చూపించారు. చీము పట్టిందట. రూట్‌కెనాల్ చేసి పైన క్యాప్ వెయ్యాలట. చెప్పిన ఖర్చు పింఛనుని బాగానే కొరికేసేలా ఉంది.

‘నాన్నా, ఇంకొకరికి కూడా చూపిద్దాం’ అంది కూతురు. డబ్బు గురించే అంది. పన్ను గురించి కాదు.

కొత్తపేటలోని ఆ రెండో డాక్టరు పెద్దాయన. ఫిల్ము చూసి పక్కన పెట్టేసి, ముందు పన్ను చూశారు. చిన్న పిడితో తట్టారు. నొప్పి లేదు. దూదితో ఐసు చల్లదనం తగిలించారు. మాస్టారు ఉలిక్కిపడ్డారు.

‘జివ్వుమందా మాస్టారూ? మంచిదే. పన్ను బతికే ఉంది. చచ్చిన పంటికి చలి తెలీదు.’

మరి ఆ నల్లచుక్క? ఆయన ఇంకో ఎక్స్‌రే తీశారు. అదే పన్ను, అదే కుర్చీ. మిషను గొట్టాన్ని మాత్రం కొంచెం పక్కకి జరిపారు. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెడితే విషయం తెలిసిపోయింది. మొదటి దాంట్లో వేరు చివర అతుక్కున్నట్టున్న చుక్క, రెండో దాంట్లో వేరుని వదిలేసి పక్కకి జరిగింది!

చీముగడ్డ అయితే ఎటునుంచి తీసినా వేరునే అంటిపెట్టుకుని ఉండాలి. ఇది జరిగిందంటే అది వేరుది కాదు. కింది దవడ ఎముకకి రెండువైపులా, చిన్న దవడపళ్ల వేళ్లకి దగ్గర్లో, చెరో కన్నం ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అందులోంచే బయటికొస్తుంది. పుట్టిన ప్రతి మనిషికీ ఉండే కన్నమే. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, కన్నం నల్లగా పడుతుంది. గొట్టం పెట్టిన కోణాన్ని బట్టి సరిగ్గా వేరు చివరే పడితే... చీములాగే కనిపిస్తుంది. ఇలా గొట్టం జరిపి చూసే ఉపాయం వందేళ్లకి పైబడింది. 1910లో క్లార్క్ అనే ఆయన రాసిపెట్టాడు. ఖర్చల్లా ఇంకో ఫిల్ము ముక్క.

మొదటి ఫిల్ములో ఇంకో చిత్రం కూడా ఉంది. పంటి వేరు అసలు కన్నా పొడుగ్గా సాగిపోయింది. మాస్టారు ఆసక్తిగా ముందుకి వంగారు. పంటినొప్పి సంగతి కాసేపు మర్చిపోయారంటే నమ్మాలి.

ఎందుకంటే ఇది ఆయన సబ్జెక్టే. ఎక్స్‌రే అంటే ఫొటో కాదు, నీడ. పొద్దుట కొబ్బరిచెట్టు నీడ వీధి చివరిదాకా పోతుంది, మిట్టమధ్యాహ్నం మొదట్లో ముడుచుకుంటుంది. చెట్టు పెరగలేదు, తరగలేదు. పంటిదీ అంతే. గొట్టం నిలువు వాలు చాలకపోతే పన్ను సాగుతుంది, ఎక్కువైతే పొట్టిదైపోతుంది. పంటి పక్కన ఫిల్ము సమాంతరంగా నిలబడితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. నోట్లో అంత చోటు ఎక్కడుంటుంది? ఫిల్ము ఏటవాలుగానే కూర్చుంటుంది. అందుకని పంటికీ ఫిల్ముకీ మధ్యనున్న కోణాన్ని ఊహలో సగానికి చీల్చి, ఆ సమద్విఖండన రేఖకి లంబంగా కిరణం పంపాలి. అప్పుడు రెండువైపులా సర్వసమాన త్రిభుజాలు ఏర్పడి పంటి పొడవూ నీడ పొడవూ ఒకటవుతాయి. 1907లో చీషిన్‌స్కీ చెప్పిన సూత్రమిది. ‘ఇది తొమ్మిదో తరగతి లెక్కే కదండీ!’ అన్నారు మాస్టారు. నిజమే. కాకపోతే బోర్డు మీద కాకుండా, వాంతొచ్చేలా గొంతు దగ్గర ఫిల్ము పెట్టించుకున్న మనిషి నోట్లో చెయ్యాలి.

పొడుగైతే నష్టమేంటి? రూట్‌కెనాల్‌లో సూదిలాంటి పరికరాన్ని వేరు చివరిదాకా, అంతవరకే, దింపాలి. నీడలో మూడు మిల్లీమీటర్లు ఎక్కువ కనిపించి, దాన్నే నమ్ముకుంటే ఆ సూది వేరు దాటి ఎముకలోకి దిగుతుంది. పొడవు కొలిచే ఎలక్ట్రానిక్ పరికరాలు ఇప్పుడు చాలా క్లినిక్కుల్లో ఉన్నాయి కాబట్టి నీడ ఒక్కదాన్నే నమ్ముకోవాల్సిన అవసరం తగ్గింది. ఇక మాస్టారి ఫిల్ము సాగడానికి గొట్టం కోణమొక్కటే కారణం కాదు. ఆయన వేలుకీ వాటా ఉంది. గట్టిగా నొక్కితే ఫిల్ము వంగుతుంది. వంగిన తెర మీద నీడ వంకరగానే పడుతుంది.

మరి నొప్పి ఎక్కడిది? ఒకవైపు పై పళ్ల నొప్పి కింద తెలియడం, కిందిది పైన తెలియడం మామూలే. వేలు చూపించిన చోటే రోగం ఉండాలని లేదు. పెద్దాయన రెండు వరసల పళ్లూ పడేలా ఫిల్ము అంచుని కొరికించి మరోటి తీశారు. చూసి మొహం చిట్లించారు. ‘ఇది నా తప్పు మాస్టారూ’ అన్నారు. గొట్టం అడ్డంగా కాస్త పక్కకి తిరిగింది. దాంతో పక్కపక్క పళ్లు ఒకదానిమీదొకటి ఎక్కినట్టు పడ్డాయి. సరిగ్గా ఆ సందులోనే పిప్పి దాక్కుంటుంది. మళ్లీ తీశారు. ఈసారి సందులు విడివిడిగా వచ్చాయి. కుడి పై దవడలో రెండు పెద్ద దవడపళ్ల మధ్య, వేలు పెట్టినా అద్దం పెట్టినా కనపడని చోట, నల్లటి గంటు. అదీ రాత్రంతా పచార్లు చేయించింది.

తప్పు తీశానని ఒప్పుకుని మళ్లీ తీసే డాక్టర్లు ఎందరుంటారో గానీ, ఆ పని చేసినవాళ్లని తిట్టుకోకూడదు. ‘ఇంకోసారా? రేడియేషను!’ అని పేషెంట్లు భయపడతారు. నోట్లో పెట్టి తీసే ఒక చిన్న ఎక్స్‌రేకి ఒంట్లోకి పోయేది, నేల నుంచీ ఆకాశం నుంచీ మనకి ఒక రోజులో ఎలాగూ అందే రేడియేషన్‌తో పోలిస్తే అటూ ఇటూగా ఉంటుంది. అయినా అనవసరంగా తియ్యకూడదన్నది నియమం. ఆ నియమం ఊరికే రాలేదు. 1896 జనవరిలో జర్మనీలో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లనే ఎక్స్‌రే తీసుకోవడానికి 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడు. అదే ఏడాది అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ ఈ పని మొదలెట్టాడు. బొమ్మ చక్కగా రావాలని ఏళ్ల తరబడి తన చేతినే కిరణాలకి అడ్డంపెట్టి మిషను సరిచూసుకున్నాడు. కేన్సరొచ్చింది. వేళ్లు పోయాయి, తర్వాత చెయ్యి పోయింది. 1928లో ఆయనే ప్రాణం తీసుకున్నాడు. మంచి బొమ్మ కోసం అంత మూల్యం చెల్లించిన మనిషి ఆయన.

ఫిల్ముల రోజుల్లో గొట్టం దగ్గర అన్నీ సరిగ్గా చేసినా చీకటిపెట్టెలో చెడిపోయేది. డెవలపర్ ద్రావణానికి 20 డిగ్రీలు కావాలి. మే నెలలో, కరెంటు పోయిన గదిలో 20 డిగ్రీలు ఎవరిస్తారు? బొమ్మ నల్లబారిపోయేది. పాతబడిన ద్రావణమైతే పాలిపోయేది. ఫిల్ముని తిరగేసి పెడితే లోపలి సీసం రేకు మీది గీతలు పళ్లమీద టైరు అచ్చుల్లా పడేవి.

ఇదంతా మాస్టారి కూతురికి ఎనిమిదేళ్ల తర్వాత పనికొచ్చింది. 2014లో జ్ఞానదంతం కోసం ఓపీజీ తీయించుకోవాల్సొచ్చింది. మిషను తలచుట్టూ తిరిగి మొత్తం పలువరస ఒకే బొమ్మగా తీస్తుంది. ‘నగలు తీసెయ్యండమ్మా’ అన్నారు. పుస్తెలు తీయడానికి తటపటాయించి, తీసింది. కుడిచెవి కమ్మ శీల మాత్రం బిగుసుకుపోయి రాలేదు. ఒక్కటే కదా అని ఊరుకున్నారు. బొమ్మలో ఆ కమ్మ కుడివైపు ఉన్నచోట ఉంది. అదిగాక ఎడమవైపు, కొంచెం పైన, మరింత పెద్దగా, మసక మసగ్గా ఇంకో తెల్లటి మచ్చ! ఎడమచెవికి ఏమీ లేదు. వెనకనుంచి వచ్చే కిరణం కుడి కమ్మ నీడని అటువైపు పడేసింది. డాక్టర్లు దాన్ని దెయ్యం బొమ్మ అంటారు. ఆమె సబ్బునీళ్లతో శీల ఊడదీసుకుని వచ్చి మళ్లీ నిలబడింది.

ఇప్పుడు కంప్యూటరొచ్చింది, చీకటిపెట్టె పోయింది. నీడ మాత్రం నీడే. సెన్సరు ఏటవాలుగా పెడితే పన్ను ఇప్పుడూ సాగుతుంది. పైగా ఒక కొత్త ప్రమాదం... మౌసు ఒక్కసారి నొక్కితే బొమ్మ కుడిఎడమలవుతుంది. 46వ నంబరు పన్ను 36లా కనిపిస్తుంది. ఫిల్ము మూలన వేలికి తగిలే చిన్న బొడిపె ఉండేది, ఏ వైపో చెప్పడానికి. అందుకే మాస్టారు ఇప్పటికీ ఇంట్లో ఎవరి పళ్ల ఎక్స్‌రే తీయించినా మూడు సంగతులు అడుగుతారు. పేరు మనదేనా? వైపు సరైందేనా? వేరు చివరి దాకా పడిందా? విసుక్కునే డాక్టర్లూ ఉన్నారు.

కింది పన్ను ఇంకా ఆయన నోట్లోనే ఉంది. పింఛను కాగితాల కవరులో ఆ రెండు ఫిల్ములు కూడా ఉన్నాయి. మొదటిది గోధుమరంగుకి తిరిగిపోయింది, ఆ రోజు ఫిక్సర్‌లో సరిగ్గా ఉంచినట్టు లేరు. చుక్క మాత్రం ఇంకా కనిపిస్తోంది.