వంటయింటి గోడ

గోడకు టైల్సు వేయించుట సులభమనియే నేనును తలచితిని. గోదావరిఖనిలోని మా వంటయింటిలో, పొయ్యి వెనుక గోడకు క్రిందటేడు వేయించిన టైల్సులో నాలుగు ఒకనాటి రాత్రి రాలిపడినవి. ఉదయమున నేను నిలుచు చోటనే పడుట చూచి గుండె ఝల్లుమనెను. వాని వెనుక మా పాత నీలిరంగు పొర పొరగానే యంటియుండెను. టైలు రంగును పట్టుకొన్నదే గాని గోడను పట్టుకొనలేదు.

తాపీ మేస్త్రిని మా వైపున సుతారి యందురు. ఈ మారు వచ్చిన సుతారి తూకపు గుండు వ్రేలాడదీసి, నిడుపైన బద్ద నానించి చూపెను. గోడ నడుమ అంగుళము లోనికి పోయినది. "జిగురు దట్టముగా పెట్టి సరిచేసెదనమ్మా" యనెను. మావారు బడికి పోవు తొందరలో "అట్లే కానిమ్ము" అనిరి. నేనొప్పుకొనలేదు. ఆ జిగురు పలుచగా పరచుటకే గాని గుంటలు పూడ్చుటకు గాదు.

అయినను గోడను చెక్కుమనుటకు నాకు నోరు రాలేదు. అది మా మామగారు బొగ్గుబావిలో పని ముగించి వచ్చి, సాయంవేళల తమ చేతులతో కట్టిన గోడ. ఆయన గతించి ఆరేండ్లైనది.

నా తడబాటు చూచి అత్తగారే లేచి, అట్లకాడ తిరుగవేసి, దాని కాడతో గోడను కొట్టుచు వినసాగిరి. "బావిలో పనికి పూనకముందు పైకప్పును కర్రతో తట్టి చూతురట, బిడ్డా! గట్టి సద్దైన మంచిది. డొల్ల సద్దైన దానిక్రింద నిలువరాదు. మీ మామ చెప్పుచుండెడివారు" అనిరి. ఒక చోట గోడ ఖాళీ కుండవలె మ్రోగెను. "ఇది తీసివేయుము" అని సుతారికి తామే చూపిరి.

రంగు గీకి, డొల్ల గిలాబు రాల్చి, ఉలితో గంట్లు పెట్టించి, దుమ్ము కడిగించితిమి. తడిగోడకు సిమెంటుపాలు పూసి, లోతైన చోట అరంగుళము చొప్పున రెండు పూతలు వేయించితిమి. మొదటిది బిగిసిన పిమ్మటనే రెండవది. నున్నగా తోమవలదంటిని, గరుకైననే జిగురు పట్టును. వారము దినములు పూటపూట నేనే నీరు చల్లితిని. విష్ణుధర్మోత్తరములోని చిత్రసూత్రమునందును, బొమ్మ వ్రాయుటకు ముందు గోడకు ఇటుకపొడి మున్నగువానితో పూత వేసి యారనిచ్చు విధము గలదు. నాన్నగారి కడ చదువునాడు బొమ్మల సంగతికై తొందరపడి ఆ భాగమును దాటిపోయినదానను!

దసరా వంటలు పెరటిలోనే జరిగినవి. మావారు రెండు నాళ్లు ముభావముగా నుండిరి. టైల్సు వేసిన మూడవనాడు అత్తగారు మరల అట్లకాడ పట్టి, మొదటి వరుసనుండి తుదివరకు ఒక్కొక్కటే తట్టి విని, పొయ్యి వెలిగింపుమనిరి.