మోసానికి మా ఇంట మరో పేరు

మోసాన్ని తెలిపే మాటలకు మా కొత్తకోటలో కొరత లేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు కనుక వచ్చేపోయే జనం ఎక్కువ. బస్టాండు దగ్గర అరగంట నిలబడితే నాలుగైదు మాటలైనా చెవిన పడతాయి. ఒకరు 'దగా' అంటారు, మరొకరు 'ధోకా' అంటారు, ఇంకొకరు 'ముంచిండు' అని ఒక్క క్రియతో తేల్చేస్తారు. తగవు ముదిరితే 'చార్ సౌ బీస్' వస్తుంది. నిజానికి 1860 నాటి భారత శిక్షాస్మృతి 2024 జూలై 1తో చరిత్రలో కలిసింది. భారతీయ న్యాయ సంహితలో వంచన నేరం ఇప్పుడు 318వ సెక్షను కిందికి వస్తుంది. అయినా ఎవరినైనా 'మూడు వందల పద్దెనిమిది' అని తిట్టగా మేము ఇంతవరకు వినలేదు.

బడి చదువుల రోజుల్లో మమ్మల్ని ఇబ్బంది పెట్టిన మాట 'టోపీ పెట్టిండు'. శుక్రవారం నాడు టోపీ ధరించి బడికి వెళితే, ఎవరు ఆ మాట అన్నా తోటి పిల్లల చూపులు మా తలల మీదికి వచ్చేవి. మాతో చదివిన వైష్ణవుల అబ్బాయిదీ అదే అవస్థ. 'నామం పెట్టిండు' అన్నా మోసమనే కదా అర్థం! అతని నుదురు, మా టోపీ ఒకే నిందను మోస్తున్నందుకు మేమూ అతడూ కలిసి నవ్వుకునేవాళ్ళం.

'దగా' ఫారసీ నుండి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. ఈ ప్రాంతం నిజాం ఏలుబడిలో వనపర్తి సంస్థానంగా ఉన్న కాలంలో పై కచేరీల భాష ఉర్దూయే కనుక, ఇటువంటి మాటలు హిందువుల ఇళ్ళలోనూ మన ఇళ్ళలోనూ సమానంగా స్థిరపడ్డాయి. 'దగాకోరు' అన్నప్పుడు తెలుగు చెవికి దగాను కోరుకునేవాడు అన్నట్లు వినిపిస్తుంది. ఫారసీలో 'ఖోర్' అంటే తినేవాడు. సూద్‌ఖోర్ వడ్డీ తినేవాడు, హరామ్‌ఖోర్ నిషిద్ధమైనది తినేవాడు. దివ్య ఖుర్‌ఆన్ కూడా పరుల సొమ్మును అక్రమంగా కాజేయడాన్ని 'తినడం' అన్న క్రియతోనే నిషేధించింది (అన్‌నిసా: 29). అచ్చ తెలుగు 'మోసం' దారి వేరు. 'ప్రాణానికి మోసం వచ్చింది' అన్నప్పుడు అందులో వంచకుడే లేడు, అపాయం మాత్రమే ఉంది.

ఈ మాటలన్నీ నష్టపోయినవారి నోట పుట్టినవి. 2019లో బెంగళూరులో హలాల్ పెట్టుబడుల పేరిట వేలాది ముస్లిం కుటుంబాల పొదుపు మునిగిపోయినప్పుడు మన ఇళ్ళలో 'దగా' అన్న మాట ఎన్నిసార్లు పలికామో! అదే పనిని మనం చేసినప్పుడు దానిని ఏమంటాం? మా ఇంట్లో దానిని 'హుషారీ' అన్నాము.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. అక్క నికాహ్ దగ్గర పడింది, చేతిలో డబ్బు లేదు. ఇంట ఉన్న ఒక్క బర్రెను అమ్మాలని అబ్బా నిశ్చయించారు. అది పూటకు రెండు లీటర్లకు మించి ఇవ్వదు. పెబ్బేరు సంత శనివారం. శుక్రవారం తెల్లవారుజామున పితికిన తరువాత మళ్ళీ దానిని పితకలేదు, దూడను దగ్గరకు రానివ్వలేదు. ఆ మధ్యాహ్నం జుమా నమాజుకు అందరమూ వెళ్ళి వచ్చాము. రాత్రంతా బర్రె అరుస్తూనే ఉంది. అమ్మీ రెండుసార్లు లేచి కొట్టం దాకా వెళ్ళి, ఏమీ చేయకుండా తిరిగి వచ్చింది.

సంతలో దాని పొదుగు కుండలా బిగిసి ఉంది. ఒక రైతు వచ్చి "పూటకు ఎన్ని లీటర్లు, సాబూ?" అని అడిగాడు. "పొదుగు నీ కండ్ల ముందరే ఉంది కదా, నేను చెప్పేదేముంది అన్నా?" అన్నారు అబ్బా. అబద్ధం ఆడలేదని ఆయనకూ తృప్తి, మాకూ తృప్తి. బేరం 14 వేలకు కుదిరింది. ఇంటికి వచ్చాక అందరమూ ఆయన హుషారీని మెచ్చుకున్నాము.

పది రోజుల తరువాత ఆ రైతు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. తగాదాకు వచ్చాడనుకొని మేము గుమ్మంలోనే నిలబడిపోయాము. అతడు చెప్పులు విప్పి అరుగు మీద కూర్చొని, "తవుడు పెడుతున్న, పచ్చగడ్డి వేస్తున్న, రెండు లీటర్లు దాటుతలేదు. మీరేం పెట్టేటోళ్ళు సాబూ?" అని అడిగాడు. లోపం తన మేతలోనే ఉందనుకున్నాడు. "జాగా మారింది కదా, కుదురుకుంటది" అన్నారు అబ్బా. చాయ్ ఇచ్చి పంపాము.

కొన్ని వారాలకు ఒక జుమా బయాన్‌లో ఇమామ్ సాహెబ్ వ్యాపార మర్యాదల గురించి చెబుతూ, హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసును వివరించారు. అమ్మకానికి ముందు పశువుల పొదుగులో పాలు నిలవ చేయడాన్ని దైవప్రవక్త (సఅసం) నిషేధించారు. అలా కొన్నవాడికి పాలు పితికి చూసిన తరువాత పశువును ఉంచుకునే హక్కు ఉంది, ఒక సా ఖర్జూరాలతో తిరిగి ఇచ్చేసే హక్కూ ఉంది. ఆ పనికి 'తస్రియా' అని పేరు కూడా ఉందట. హదీసులో ఉన్నవి ఒంటెలు, మేకలు, గొర్రెలే, బర్రె లేదు కదా అని మాలో ఒకరు గొణిగారు. అబ్బా విననట్లే ఊరుకున్నారు.

ఆ రాత్రి ఆయన ముతఫ్ఫిఫీన్ సూరా తీశారు. 'తత్ఫీఫ్' అంటే కొలతలో తగ్గించడం. ఆ మాట 'తఫీఫ్' నుండి వచ్చింది, దానికి స్వల్పం, కొద్దిపాటిది అని అర్థం. ఇంత ఘోరమైన హెచ్చరికతో ఆరంభమయ్యే సూరా పేరు 'కొంచెం' అన్న అర్థం మీద నిలిచి ఉంది! తమకు రావలసినది నిండుగా కొలుచుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని గురించి అది మాట్లాడుతుంది. పల్లీలు అమ్మేటప్పుడు కాంటా ముల్లు మీది నుండి చూపు తిప్పని మనిషి మా అబ్బా. తరుగు పేరిట క్వింటాలుకు రెండు కిలోలు కోస్తే వ్యాపారులను దగాకోరులని తిట్టేవారు.

మరునాడు అప్పు చేసి 4 వేలు చేతపట్టుకొని ఆ రైతు ఊరికి బయలుదేరారు. మేమూ వెంట వెళ్ళాము. కొట్టంలో మా బర్రె లేదు. జరిగినదంతా అబ్బా చెప్పి, డబ్బు ముందు పెట్టారు. రైతు కోపగించలేదు, నవ్వాడు.

"పక్కింటాయన అప్పుడే చెప్పిండు సాబూ, మీరేం చేసిన్రో. నేనూ ఒక రోజు పిండకుండ తోల్కపోయి పోయిన శనివారమే అమ్మిన. పెట్టిన పైసలు పెట్టినట్టే వచ్చినయి. ఇవి నాకెందుకు?"

కొన్నవారెవరని అడిగితే ఆత్మకూరు దిక్కు రైతు అన్నాడు, పేరు తెలియదన్నాడు.

అసలు హక్కుదారు కోసం వెతకమనీ, ఎంతకూ దొరకకపోతే అతని పేరున సదఖా చేయమనీ ఇమామ్ సాహెబ్ చెప్పారు. అబ్బా ఆ పైన నాలుగు శనివారాలు పెబ్బేరు సంతకు వెళ్ళారు, ఆత్మకూరు వైపు నుండి వచ్చినవారిని ఒక్కొక్కరినే ఆపి, కుడి కొమ్ము కొస విరిగిన బర్రెను ఎవరైనా కొన్నారా అని అడుగుతూ. చీకటి పడి ఆయన తిరిగి వచ్చేసరికి అమ్మీ గుమ్మంలో ఉండేది. ఆమె ఏమీ అడిగేది కాదు. రుమాలులో కట్టిన డబ్బును ఆయన చేతి నుండి తీసుకొని, మళ్ళీ ఇనుప పెట్టెలో పెట్టేది.