లాకుల్లేకుండా పడవ ప్రయాణమా!

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మా అన్నయ్య వేసవి సెలవులకి అందర్నీ రమ్మన్నాడు. లండన్ బ్రిడ్జీ, బిగ్‌బెన్ గడియారమూ చూపిస్తాడనుకున్నాం. కాదట. నాలుగు రాత్రులు కాలువలో, పడవ మీద ఉందామన్నాడు! ఇంగ్లండులో అదో సరదా. నేరోబోట్ అనే సన్నటి పడవను అద్దెకు తీసుకుని మనమే నడుపుకోవాలి. అందులోనే వండుకు తిని, రాత్రికి ఏ గట్టునో కట్టేసి పడుకోవాలి. పడవ వెడల్పు ఏడడుగులు. పొడవు మాత్రం 60, 70 అడుగుల దాకా ఉంటుంది. మంచాలూ, గ్యాసు పొయ్యీ, స్నానాలగదీ అన్నీ ఆ ఏడడుగుల్లోనే. లైసెన్సు అక్కర్లేదు. పడవ అప్పగించేటప్పుడు వాళ్లే నేర్పిస్తారు.

ఆత్రేయపురంలో ఉన్న అమ్మకి ఫోన్లో చెబితే ఒకటే నవ్వు. 'కాలువ చూడ్డానికి విమానమెక్కాలా? మన గుమ్మం ముందున్నదేంటే!' అంది. ఆ మాటా నిజమే. 1847-52 మధ్య కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాక కోనసీమకి దక్కిన వరం అది. బొబ్బర్లంక దగ్గర గోదావరిని వదిలి, మా ఊరి మీదుగా లొల్ల చేరి, అక్కడి లాకుల దగ్గర పాయలుగా విడిపోతుంది.

అమ్మ పెరిగింది లాకుల దగ్గరే. తాతయ్య లస్కరు. ధాన్యం పడవలూ, కొబ్బరికాయల పడవలూ, జనాన్ని ఎక్కించుకున్న లాంచీలూ వరుసగా నిలబడితే తాతయ్య తలుపు తీసేవాడట. పై నీటికీ కింది నీటికీ మధ్య గదిలాంటి జాగా. పడవ అందులోకి రాగానే వెనక తలుపు మూసి, నీరు వదులుతారు. పడవ చూస్తుండగానే దిగిపోతుంది. అమ్మ ఇది కొన్ని వందలసార్లు చూసుంటుంది. చెయ్యి వేసింది మాత్రం ఒక్కసారీ లేదు. 'ఆడపిల్లవి, నీకెందుకు' అనేవాడట తాతయ్య.

ఇక ప్లానింగ్‌లో పడ్డాం. సోమవారం ఎక్కి శుక్రవారం దిగడం అక్కడ మామూలు పద్ధతి. ఎంత దూరం వెళ్లొచ్చన్నదానికి ఓ చిట్కా లెక్కుంది. మైళ్లూ లాకులూ కలిపి మూడుతో భాగిస్తే గంటలొస్తాయి. వేగం గంటకి నాలుగు మైళ్లు దాటకూడదు. అంటే గట్టు మీద గబగబా నడిచే మనిషి మనల్ని దాటేసి పోతాడన్నమాట! మా అబ్బాయికి ఈ సంగతి అస్సలు నచ్చలేదు.

అన్నయ్య మొదట చూపిన దారి అల్వ్‌చర్చ్ నుంచి బర్మింగ్‌హామ్‌కి. ఒక్క లాకూ ఉండదు. మధ్యలో రెండున్నర కిలోమీటర్ల సొరంగం. అమ్మకి 72 ఏళ్లు, మోకాళ్లు అంతంతమాత్రం. హాయిగా కూర్చుని రావచ్చని వాడి ఉద్దేశం. అమ్మ మొహం ముడుచుకుంది. 'లాకుల్లేకుండా అదేం పడవ ప్రయాణంరా? అయితే నేను రాను' అనేసింది. ఆవిడ రాననడం ఎప్పుడూ ఉత్తుత్తి బెదిరింపు కాదు.

దాంతో దారి మారింది. వేల్స్‌లోని ట్రెవర్ నుంచి ఇంగ్లండులోని ఎల్స్‌మియర్‌కి లాంగోలెన్ కాలువలో పన్నెండు, పదమూడు మైళ్లు. లాకులు రెండే. వెళ్లడానికి ఐదు గంటలు, రావడానికి ఐదు గంటలు. నాలుగు రోజుల మీద పంచుకుంటే ఆవిడకీ ఆయాసం లేదు, మాకూ లేదు. పైగా మొదట్లోనే పాంట్‌కసల్తె అనే నోరు తిరగని పేరున్న అక్విడక్టు. 1805లో కట్టారు. నది మీద 38 మీటర్ల ఎత్తున ఇనుప తొట్టెలో కాలువ పోతుంటే అందులో పడవ పోతుంది! మన పి.గన్నవరంలో వైనతేయ మీద 1850ల్లో కట్టిన 49 ఖానాల పాత అక్విడక్టు తెలుసుగా, ఆ జాతిదే. కాకపోతే అక్కడ ఒక పక్క కాలిబాటకి కటకటాలున్నాయి, రెండో పక్క ఏమీ లేదు. అది దాటేదాకా పిల్లలిద్దరూ లోపలే, లైఫ్ జాకెట్లతో... ఇది నా షరతు.

ఆ దేశంలోనూ రైళ్లూ లారీలూ వచ్చాక కాలువల్లో సరుకు పడవలు పోయాయి. పూడ్చేస్తారేమో అనుకునే రోజుల్లో 1944లో టామ్ రోల్ట్ 'నేరో బోట్' అని పుస్తకం రాశాడు. రెండేళ్లకి కాలువల్ని కాపాడే సంఘం పుట్టింది. ఆ తర్వాత సెలవుల జనమే వాటిని నిలబెట్టారు. మన కాలువలకి ఆ గతి పట్టలేదు, పొలాలకి నీళ్లు పారుతూనే ఉన్నాయి. పడవలే మాయమయ్యాయి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్నీ, గోదావరి, కృష్ణల్లో కొంత మేరనీ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గమన్నారు. 2025 సంక్రాంతికి మా ఊరి కాలువలో కేరళ తరహా పడవ పందేలు జరిగితే గట్టు నిండా జనమే. దిండిలో హౌస్‌బోట్లున్నాయి గానీ అవి తిరిగేది నది మీద. లొల్ల నుంచి అమలాపురం వైపు పిల్లల్ని తిప్పే ఒక్క లాంచీ ఉంటే ఎవరు ఎక్కరు చెప్పండి? అయినా మా పిల్లలకి సెలవులిచ్చేసరికి ఇక్కడ మరమ్మతులకి కాలువలు కట్టేస్తారు. అక్కడ మరమ్మతులన్నీ చలికాలంలో.

వీసా కాగితాలు మా ఆయన చూస్తున్నారు. తిండి సంగతి అమ్మ చూస్తోంది. చుట్టిన పూతరేకులు తెస్తానంటే వద్దన్నాడు అన్నయ్య. నెయ్యి పాల పదార్థం, అక్కడికి తేనివ్వరు. అందుకని ఒట్టి రేకులూ బెల్లప్పొడీ తీసుకెళ్లి, నెయ్యి అక్కడ కొని పడవలోనే చుడుతుందట. తడి గాలికి రేకులు మెత్తబడిపోతాయేమోనని డబ్బాలు వెతుకుతోంది.

చుక్కాని అన్నయ్యది. ఎడమకి తోస్తే పడవ కుడికి తిరుగుతుంది కాబట్టి తర్వాతి వంతు మా ఆయనకి ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. తాడు పట్టుకుని గట్టుమీదికి దూకడం వదిన పని. లాకు తిప్పే ఇనప హ్యాండిల్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదట, నాలుగుసార్లూ ఆవిడే తిప్పుతుందట. బరువుగా ఉంటుందమ్మా అంటే, 'నువ్వు పక్కన నించో చాలు' అంది.