కారుకీ కావాలి మేకప్!

సినిమాలో హీరో కారు దిగే షాట్ మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారు? ముందు టైరు, తర్వాత తలుపు, ఆ తర్వాత బూటు. ఆపైన హాల్లో ఈలలు! నేను మాత్రం ఎప్పుడూ ఆ తలుపు దగ్గరే ఆగిపోతాను. అందులో ఆకాశం కనిపిస్తుంది, చెట్లు కనిపిస్తాయి. అంత మెరుపు ఎక్కణ్ణుంచి వస్తుందా అని చిన్నప్పట్నుంచీ నాకో పిచ్చి. ఆ పిచ్చి వల్లే మా ఇంట్లో ఓ ట్రాజెడీ జరిగింది. దానికి క్లైమాక్స్ ఇరవై ఏళ్ల తర్వాత వచ్చింది. ఇంటర్వెల్ అంత పొడుగన్నమాట!

కథ 2003లో మొదలు. హైదరాబాద్, ఎస్.ఆర్. నగర్. కృష్ణానగర్‌కి దగ్గరే కాబట్టి మా వీధికి షూటింగులు కొత్త కాదు. నాకప్పుడు పదిహేనేళ్లు. నాన్న సైన్సు మాస్టారు. 1998లో అప్పు చేసి కొన్న ఎర్ర మారుతి 800 మాది. 'సొంత కారు' అనే మాటని మా అమ్మ ఎంత నిదానంగా, ఎంత స్పష్టంగా పలికేదో మీరు వినాల్సింది!

ఓ సాయంత్రం ప్రొడక్షన్ మేనేజర్ ఒకాయన మా గేటు దగ్గర ఆగి, "మాస్టారూ, రేప్పొద్దున మీ కారు హీరోయిన్ ఇంటి ముందు నిలబెట్టుకుంటాం. ఒక్క షాటే" అన్నాడు. నాన్న సరేనన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. మా కారు తెర మీద! ఎంత అద్దంలా ఉండాలి!

తెల్లారగట్ల నాలుగింటికే లేచాను. వంటింట్లోంచి గిన్నెలు తోమే పౌడరు, కొబ్బరి పీచు పట్టుకెళ్లాను. ఇత్తడి బిందెని అమ్మ అలాగే కదా తళతళలాడించేది? బిందెకి లేని బాధ బానెట్‌కి ఏముంటుంది? గంటసేపు గుండ్రంగా, ప్రాణం పెట్టి తోమాను. చీకట్లో, తడి మీద, అబ్బ... కొత్త పెళ్లికూతురే!

సూర్యుడొచ్చాడు. నీళ్లారాయి. అప్పుడు చూడాలి బానెట్ అవతారం! సాలెగూడు అల్లినట్టు గీతలే గీతలు. కెమెరా అసిస్టెంటు ఒక్కసారి చూసి, "ఇది వద్దండీ, లైటు పడితే అన్నీ తేలిపోతాయి" అని ఎదురింటివాళ్ల తెల్ల కారు పెట్టించుకున్నాడు. అదిగో, మా తెర జీవితం అంతటితో సమాప్తం.

నాన్న ఒక్క మాట అనలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది! మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే పాత బనీను గుడ్డతో ఆయనే కారు తుడుచుకునేవారు. నేను చెయ్యి చాస్తే, "నువ్వెళ్లి చదువుకోరా" అనేవారు. చదువైంది, ఉద్యోగం వచ్చింది, పెళ్లైంది. ఆ గుడ్డ మాత్రం నా చేతికి రాలేదు.

ఇక 2023. కారుకి పాతికేళ్లు. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లు ఉంటుంది, ఆ తర్వాత ఐదేసి ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. 2013లో, 2018లో నాన్న పొడిగించారు. మళ్లీ గడువు ముంచుకొచ్చింది. పైగా పాత కారు పొడిగింపు ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5000 అయి కూర్చుంది. "ఇంకా ఎందుకు నాన్నా, అమ్మేద్దాం" అన్నది మరెవరో కాదు, నేనే. ఓ శుక్రవారం బేరగాడొచ్చాడు. బానెట్ మీద గోరుతో గీకి, "రంగే పోయింది సార్. ఇనుము రేటుకైతే తీసుకెళ్తా" అన్నాడు. నాన్న మాట్లాడకుండా లోపలికెళ్లి టీవీ పెట్టుకున్నారు. సౌండు పెట్టుకోలేదు.

ఆ మూగ టీవీ ముందు ఆయన్ని చూశాక నాకు అన్నం సహించలేదు. ఎలాగూ పోయే బండి... పోయే ముందు ఒక్కసారైనా నేను చేసిన పాపం కడుక్కోవాలి అనిపించింది. ఈసారి పీచు పట్టుకోలేదు లెండి. ముందు బుద్ధిగా నేర్చుకున్నాను.

నేర్చుకున్నదేమిటంటారా? కారు రంగు బిందెలాంటిది కాదు, మనిషి చర్మంలాంటిది. ఈ కాలం కార్లలో రంగు మీద పారదర్శకమైన పూత ఒకటి ఉంటుంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక కంటే పల్చన! మా బండిది పాత పద్ధతి, ఒకే పూత. పైన కాపలా లేదు. ఎండకి ఎరుపు వెలిసి గులాబీ రంగులోకి దిగింది.

ఆదివారం ఆరింటికే మొదలెట్టాను. ఎండలో కారు కడగకూడదు. రేకు వేడిగా ఉంటే నీళ్లు అక్కడికక్కడే ఆరిపోయి మచ్చలు పడతాయి. అందులోనూ మాది బోరు నీళ్లు. ఉప్పు తెల్లగా తేలి కూర్చుంటుంది. నీడలో పెట్టుకున్నాను. బకెట్లు రెండు. ఒకదాంట్లో కారు షాంపూ, ఒకదాంట్లో మంచినీళ్లు. ముందు నీళ్లు ధారాళంగా పోసి దుమ్ము జారిపోనివ్వాలి. ఆ తర్వాతే గుడ్డ. పైకప్పు నుంచి కిందికి, తిన్నగా రుద్దాలి. ప్రతిసారీ గుడ్డని మంచినీళ్లలో జాడించి గానీ షాంపూలో ముంచకూడదు. లేకపోతే తీసిన ఇసకనే మళ్లీ కారుకి పూసినట్టు! చక్రాలకి గుడ్డ వేరు, బకెట్ వేరు. బ్రేకుల నుంచి రాలే ఇనప పొడి అంతా అక్కడే ఉంటుంది మరి. కడిగాక దానంతటది ఆరనివ్వకుండా మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దాలి. గుడ్డ కింద పడిందా, ఉతికేదాకా దాని ముఖం చూడకండి.

ఇప్పుడో తమాషా. పల్చటి ప్లాస్టిక్ కవరు చేతికి తొడుక్కుని రేకు మీద మెల్లగా నిమరండి. కంటికి నున్నగా కనిపించేది చేతికి గరుకుగా తగులుతుంది. రంగుని పట్టుకు వేలాడే మురికి అది. పిల్లలాడుకునే మైనం ముద్దలాంటి క్లే బార్ ఒకటి దొరుకుతుంది. రేకు తడిగా, జారేట్టు ఉంచి దాన్ని మెల్లగా ఆడిస్తే గరుకంతా లాగేస్తుంది.

తర్వాత పాలిష్. ఇది మేకప్ కాదు సుమండీ, పై పొరని కొద్దిగా అరగదీసే వైద్యం. అందుకే ముందు ఓ మూల కాస్తంత చేసి చూసుకోవాలి. అంచుల దగ్గర రంగు పల్చగా ఉంటుంది, అక్కడ ఒత్తకూడదు. గోరు తట్టుకునేంత లోతు గీతలు పాలిష్‌కి లొంగవు. బానెట్ మీద రుద్దుతుంటే నా గుడ్డ ఎర్రబడిపోయింది! గుండె గుభేలుమంది. తర్వాత గుర్తొచ్చింది, ఒకే పూత రంగు ఇలాగే దిగుతుందని. ఆ వెలిసిన పొర పోయి, కింద 1998 నాటి అసలు ఎరుపు... మా వీధికి మొదటిసారి వచ్చిననాటి ఎరుపు! చివర్న మైనం పల్చగా పూసి తుడిచాను. అసలు మేకప్ ఇదే. మన ఎండలకి నాలుగు కాలాలు నిలవదు, రెండు మూడు నెలలకోసారి మళ్లీ పూసుకోవాల్సిందే.

లోపలి పని మా ఆవిడ వాక్యూమ్ క్లీనర్ లాక్కొచ్చుకుని చేశాను. డాష్‌బోర్డుకి తడి పిండిన గుడ్డ చాలు. స్టీరింగుకీ, పెడల్స్‌కీ నిగనిగలాడే నూనెలు పూయకండి, జారి ప్రాణం మీదికొస్తుంది. అద్దాలు లోపలివైపు అడ్డంగా, బయటివైపు నిలువుగా తుడవండి. చార మిగిలితే ఏ వైపుదో ఇట్టే తెలిసిపోతుంది.

మధ్యాహ్నం రెండైంది. సెల్‌ఫోన్ లైటు వేసి వాలుగా పట్టి చూశాను. ఇక్కడో చిత్రం చెప్పాలి. గీతలు ఎటు పడితే అటు ఉన్నా, దీపం చుట్టూ వలయాలుగానే కనిపిస్తాయి. ఆనాడు కెమెరా అసిస్టెంటు చూసిందీ అదే. బానెట్ మీద చాలా పోయాయి. నాలుగు లోతైనవి మిగిలాయి. అవి నావే, ఒప్పుకుంటాను. కానీ అప్పటికింకా పాలిష్ చెయ్యని తలుపుల మీద లైటు వేసి చూస్తే... వేలకొద్దీ సన్నటి గీతలు! తలుపుల జోలికి నేనెప్పుడూ పోలేదే?

ఒక్క క్షణంలో అర్థమైంది. పాత బనీను గుడ్డ. రోజూ పొద్దున్నే, పొడి దుమ్ము మీద, నీళ్లు పొయ్యకుండా. ఇరవై ఏళ్లు ప్రేమగా తుడిచిన ప్రతి తుడుపూ ఓ గీతే! ఆయనకి ఈ సంగతి చెప్పకూడదు అనుకున్నాను. లైటు ఆర్పేశాను.

వెనక్కి తిరిగితే నాన్న. ఎప్పుడొచ్చారో తెలీదు. కళ్లద్దాలు సర్దుకుంటూ, "ఆ లైటు ఇలా ఇయ్యి" అన్నారు. బానెట్ మీద పట్టారు. నెమ్మదిగా తలుపుల మీదికి తెచ్చారు. అక్కడ చాలాసేపు ఆగారు. సైన్సు మాస్టారు కదా, ఆయనకి నేను చెప్పేదేముంది!

"బానెట్ నీది. తలుపులు నావి" అన్నారు.

నేను నవ్వాలో ఏడవాలో తెలీక నుంచున్నాను. ఆయన మాత్రం కిందికి వంగి చూసి, "బంపరు కింద మర్చిపోయావు. ఆ మెత్తగుడ్డ ఎంతరా? ఇంకోటి తెచ్చావా?" అని అడిగారు. తెచ్చాను. ఇద్దరం కలిసి తలుపులు పూర్తి చేసేసరికి వీధి దీపాలు వెలిగాయి.

సోమవారం బేరగాడు ఫోను చేస్తే నాన్నే ఎత్తారు. "అమ్మట్లేదయ్యా" అని పెట్టేశారు. ఆ వారమే ఆర్టీఏ ఆఫీసుకెళ్లి, ఫిట్‌నెస్ చూపించి, ఐదు వేలూ కట్టి వచ్చాం. బండి నేనే నడిపాను. పక్కన కూర్చుని గేర్లు ఎప్పుడు మార్చాలో దారి పొడుగునా చెప్తూనే ఉన్నారు లెండి!

మర్నాడు పొద్దున కాఫీకి కూర్చుంటే, నా కుర్చీ మీద మడతపెట్టి ఉంది... కొత్త మైక్రోఫైబర్ గుడ్డ కాదు, ఆ పాత బనీను గుడ్డ. "దాన్ని కారుకి వాడకు. చక్రాలకి వాడుకో" అన్నారు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండానే.

అన్నట్టు, షూటింగుల్లో మెరుపు మరీ ఎక్కువైతే దాన్ని చంపడానికి ప్రత్యేకంగా స్ప్రే కొడతారట. ఈ ముక్క నాకు 2003లో తెలిస్తే ఆ తెల్లవారుజామున హాయిగా నిద్రపోయేవాణ్ణి! మీ ఇంట్లోనూ కారుందా? ఈ ఆదివారం మ్యాట్నీ మానుకుని రెండు బకెట్లు పట్టుకోండి. పీచు మాత్రం వంటింట్లోనే ఉండనివ్వండి. ఒంటరిగా చెయ్యకండి, నాన్నగార్ని కూడా పిలవండి.